చీమలు పట్టిన బక్కెట్టు

మొన్న మా స్నానాలగదిలో చీమల బారు చూడగానే నాకు చిన్నప్పటి బక్కెట్టు గుర్తొచ్చింది.

నా ఎనిమిదో ఏట, జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో రెండు పార్టీల వాళ్లు బాంబులు వేసుకునేవాళ్లు. నాన్నకు తండ్రి అయిన మా జేజినాయన అందులో ఒక పార్టీ మనిషి. ప్రాణభయంతో నెలల తరబడి గడప దాటలేదు. ఉచ్చకు కూడా ఇంట్లోనే బక్కెట్టు పెట్టారు. రోజూ దాన్ని పారబోసేది నాయనమ్మ, మా జేజి.

ఒకరోజు జేజికి జ్వరమొచ్చి ఆ పని నాకు చెప్పింది. బక్కెట్టు అంచంతా చీమలు. కొన్ని నురగలో తేలుతున్నాయి. ఎత్తగానే తడికాళ్లతో నా చేతి మీదికి పాకాయి. మగ్గిన అరటిపండు లాంటి వాసన. అక్కడే వాంతి చేసుకున్నాను.

"జేజీ, జేజినాయన దొంగగా బెల్లం తింటాండాడు!" అని అరిచాను.

"బెల్లం ముట్టి ఏడాదాయ పాపా. బువ్వ తప్ప ఏం తింటాండా?" అన్నాడు జేజినాయన.

జేజి లేచొచ్చి చీమల్ని చూసింది. "ఇది చక్కెర జబ్బు. ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోదాం పా" అంది.

"యాడికి పోతాం? దావలో అవతలి పార్టీ వాళ్లు కాచుకోనుండారు" అన్నాడు జేజినాయన.

తిన్న అన్నం ఒంట్లో చక్కెరవుతుందనీ, ఒళ్లు దాన్ని వాడుకోలేకపోతే నెత్తుట్లో పేరుకుని ఉచ్చలో పోతుందనీ ఎన్నో ఏళ్ల తర్వాత హైస్కూల్లో చదివాను. అప్పట్లో ఊళ్లో రాజీ కుదిరి ఆస్పత్రికి తీసుకుపోయేసరికి, జేజినాయన కాలికైన పుండు ఆ జబ్బు వల్ల మానక కుళ్లిపోయింది. కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆ బక్కెట్టు ఎత్తిన రోజు నుంచి ఆయన పక్కన కూర్చుని తినలేకపోయాను. నేను కంచం పట్టుకుని రాగానే ఆయనే తన కంచం తీసుకుని గోడవైపు జరిగేవాడు.