నేరేడుపండు రంగు చొక్కా

నిన్న పొద్దున కామారెడ్డిలోని మా బట్టల దుకాణానికి ఎన్నికల కండువాల మూటలు వచ్చాయి. కుట్టు విప్పగానే గంజి, పచ్చిరంగు కలిసిన ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. రెండు తుమ్ములు వచ్చాయి. మూడోదాని బదులు మిస్ వెర్నా గుర్తుకొచ్చింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. మూడు విమానాలు మారితే గానీ చేరలేని ఒక కరీబియన్ దీవిలో, ఓడరేవు బజారులో జాజికాయలు, మిరపకాయలు అమ్ముకునే మనిషి. ఆ రేవులోనే మన కామారెడ్డి యూసుఫ్ భాయ్ బట్టల కొట్లో నేను ఆరేళ్ళు కౌంటరు మీద పనిచేశాను. ఆమె గంప మా కొట్టు మెట్ల ముందే ఉండేది. ఆమెది ఆ దీవి ఇంగ్లీషు. కానీ ఆ దబాయింపు నా చెవికి అచ్చం మా ఎల్లారెడ్డి అంగట్లో విన్నట్టే ఉండేది. అందుకని ఆమె మాటలు మన మాటల్లోనే రాస్తున్నాను.

ఎల్లారెడ్డిలో మా బాపుదీ బట్టల వ్యాపారమే. ఎన్నికలప్పుడు కౌంటరు కింద మూడు పార్టీల కండువాలూ మడతపెట్టి ఉంచేవాడు. వచ్చిన జీపును బట్టి మెడలోది మారేది. "గిరాకీకి పార్టీ ఉండది బిడ్డా" అనేవాడు. ఆ విద్యను నేను సముద్రాలు దాటించాను. దీవిలో పార్టీలు రెండే, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఎన్నికలొస్తే లారీల మీద స్టీలు డ్రమ్ముల మోత, పసిపిల్లల నుంచి ముసలమ్మల దాకా ఒంటి మీద ఏదో ఒక రంగు. నేను కౌంటరు కింద రెండు టోపీలూ పెట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం రెండు ఊరేగింపులూ మా వీధిలోనే ఎదురుపడ్డాయి. ఎరుపువాళ్ళు ముందు తలుపు నుంచి, నీలంవాళ్ళు పక్క తలుపు నుంచి ఒకేసారి మంచినీళ్ళకని వచ్చారు. కంగారులో ఒకదాని మీద ఒకటి రెండు టోపీలూ పెట్టేసుకున్నాను. ఎవరూ నీళ్ళు తాగలేదు. మెట్ల మీద వెర్నా మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏందయ్యా షాపాయనా, నీకు తలలు రెండున్నయా? మూడో పార్టీ వస్తే ఏం జేస్తవ్?"

ఆ మూడోది ఆమే అయింది. బజారు ఆడవాళ్ళను రేవులోంచి లేపి, కొండ వెనక కొత్త షెడ్డుకు పంపుతారని ఆ వారమే తెలిసింది. ఓడ దిగిన పర్యాటకులెవరూ అటు తిరిగి కూడా చూడరు. అక్కడికి పోతే పొయ్యి వెలగదని ఆడవాళ్ళందరికీ తెలుసు. దేంట్లోనూ పొసగని రెండు పార్టీలూ ఈ ఒక్క మాట మీద కలిసిపోయాయి. వెర్నా స్వతంత్రంగా నామినేషన్ వేసింది. మనిషుంది, నోరుంది, రంగే లేదు.

నాకు అందులో వ్యాపారం కనిపించింది. రంగు నంబరు తప్పు రాసి నేను తెప్పించిన నేరేడుపండు రంగు తానులు ఏడాదిగా గోదాములో పడి ఉన్నాయి. యూసుఫ్ భాయ్ వాటిని చూసినప్పుడల్లా తర్వాత నన్ను చూసేవాడు. ఒక తాను భుజాన వేసుకుని వెర్నా దగ్గరికి వెళ్ళి, "ఇది రాజుల రంగు, ఎవరి దగ్గరా లేదు" అని మొదలుపెట్టాను.

"ఎవరి దగ్గర లేదంటే ఎవ్వరు కొనలేదన్నట్టు" అంది. అయినా అడిగిన ధరకే అన్నీ తీసుకుంటానంది. బేరమాడని మనిషిని మించిన ప్రమాదం లేదని షాపువాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి తెలుసు.

"ఒక్కటే షరతు. మొదటి చొక్కా నీకే కుట్టిస్త. ఎన్నికల దాక తొడుక్కోవాలె."

"చేతిరుమాలు సరిపోదా?"

"చొక్కా."

"లోపలికి బనీను కుట్టియ్యి, మనసుకు దగ్గరుంటది."

"చొక్కా. ఓటు గూడ. లిస్టుల నీ పేరు చూసిన."

ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఏలిన దేశాల నుంచి వచ్చి, కొన్నేళ్ళు అక్కడున్న వాళ్ళకు ఆ దీవిలో ఓటుంటుంది. నాకు ఉన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. పని పర్మిట్టు ఏటేటా సర్కారు చేతిలోంచే రావాలి. ఆ మాటే అన్నాను. ఆమె నవ్వు ఆగింది.

"నీ పర్మిట్టు, నా గంప, రెండూ వాళ్ళ చేతులనే ఉన్నయ్. నువ్వు అందరికి మంచోనివే. రేపు మమ్మల్ని లేపేటప్పుడు ఏడ నిలబడ్తవ్? గీ మెట్ల మీద నిలబడి చూస్తవా?"

ఏ ధర చెప్పినా తిరుగు ధర చెప్పే నేను, చొక్కా కొలతలకు చేతులు చాపాను. మూడో రోజు చొక్కా వచ్చింది, తొడుక్కున్నాను. "పర్మిట్ పోతే కామారెడ్డి బస్టాండ్ల మిర్చి బజ్జీలు ఏసుకుంటవ్ మియా" అన్నాడు యూసుఫ్ భాయ్. నీలం పార్టీ పెద్దమనిషి ఒకాయన, కొలిచి కోయించిన పరదా గుడ్డను కౌంటరు మీదే వదిలేసి పోయాడు. కానీ ఆ పొద్దున రేవులో ఆడవాళ్ళు నన్ను "షాపాయనా" అనలేదు, పేరు పెట్టి పిలిచారు. పలికిన తీరు తప్పే, అయినా పేరు నాదే.

ఓటింగు రోజున, పక్క దీవుల్లో పనిచేసే బజారు ఆడవాళ్ళ బిడ్డలు పడవల్లో దిగారు. వరుసలో ఎటు చూసినా నేరేడుపండు రంగు తలగుడ్డలే. గుడ్డ కొంటే తన ఓటు ఉచితమని ఇచ్చిన వ్యాపారి లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. మర్నాడు తేలింది. వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఓట్ల తేడాతో వెర్నా గెలిచింది! రెండు పార్టీలకూ సీట్లు సమానంగా వచ్చాయి. ప్రభుత్వం నిలబడాలంటే ఆమె చెయ్యి లేవాలి. ఎరుపువాళ్ళు వచ్చారు, నీలంవాళ్ళు వచ్చారు. ఆమె గంప ముందే కూర్చుని ఇద్దరికీ ఒకటే ధర చెప్పింది, బజారు కదలొద్దని. నేను పక్కనే నిలబడి చూశాను. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టి బేరం చూడలేదు. ఒప్పుకున్నవాళ్ళు కాగితం మీద రాసిచ్చే దాకా ఆమె లేవలేదు.

ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం గెలుపు ఊరేగింపు. వెర్నా లారీ మీదికి నన్ను లాగి మైకు చేతిలో పెట్టింది. నేను ఇంగ్లీషు మొత్తం మరిచిపోయాను. "మా అక్క గెలిచింది!" అని తెలుగులోనే అరిచాను. రేవు రేవంతా "మాక్క గెల్చిందీ!" అని తిరిగి అరిచింది. పైఅంతస్తు కిటికీలోంచి యూసుఫ్ భాయ్, వెర్నా వాడగా మిగిలిన తానులు విప్పి జనం మీదికి వదిలాడు. నా పర్మిట్టు కూడా వచ్చింది, కొంచెం ఆలస్యంగా, కొంచెం గుర్రుగా.

తిరిగొచ్చాక కామారెడ్డిలో ఈ దుకాణం పెట్టాను. ఇప్పుడు ఎవరైనా "సేటూ, నువ్వు ఎటు?" అనడిగితే చెప్తాను. "దుకాణం ముంచుతవ్ రా" అని బాపు ఉన్నన్నాళ్ళూ తల కొట్టుకున్నాడు. అయినా నేనెటో చెప్పిన తర్వాతే గుడ్డ కొలుస్తాను. ఒకరిద్దరు లేచి ఎదురు దుకాణానికి పోతారు. కూర్చున్నవాళ్ళు మాత్రం, నేను "ఈ రంగు పోదు" అంటే రెండోసారి అడగరు.