బావ నడుముకు సూది సంచి

ఆరో తరగతిలో నేను బడి మానేసింది లెక్కలు రాక కాదు. టీకాలు వేసేవాళ్లు వచ్చారని గోడ దూకాను. బయటికి దూకినంత సులువుగా మళ్లీ లోపలికి దూకడం కుదరలేదు. అలాంటివాణ్ని, నా చేతికి సూది ఇవ్వలేదని ఒక వానకాలమంతా కుళ్లుకున్నాను.

తెలంగాణ ఇంకా రాలేదప్పటికి. మత్తు సూదులకు అలవాటు పడినవాళ్ల కోసం ఉప్పల్‌లో ఒక సెంటర్ ఉండేది. మా అక్క భర్త ఆ అలవాటు నుంచి బయటపడి, గల్లీల్లో తిరిగి అలాంటివాళ్లను కలిసే పనికి అక్కడే కుదిరాడు. నేను సెంటర్ ఆటో నడిపేవాణ్ని. మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే మనిషిని వెనక్కి తెచ్చే మందు అక్కడ ఉండేది గానీ, దాన్ని వేసే హక్కు నర్సక్కకే. సాయంత్రం ఆమె ఇంటికని ఏఎస్ రావు నగర్ బస్సెక్కిందంటే బీరువాకు తాళం పడ్డట్టే. ఒక సాయంత్రం మందు తాళం లోపల ఉండగానే, బయట ఒక మనిషి పోయాడు.

ఆ తర్వాత సెంటర్ డాక్టర్ గారు, గల్లీల్లో తిరిగే మనవాళ్లు కూడా వేయవచ్చన్నారు. సూది గుచ్చడం నేర్పడానికి బత్తాయిలు తెప్పించారు. బావకు సిరంజీ, బత్తాయి ఇచ్చి, నన్ను మాత్రం పేషెంటులా పడుకోమన్నారు. ఊపిరి పోయినవాడిలా ఎంత బాగా పడ్డానంటే అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు నాకు, మందు సంచి బావకు.

ఆ నల్ల సంచి నడుముకు కట్టుకుని బావ వెళ్తుంటే నాచారం చాయ్ హోటలాయన "డాక్టరన్నా, కూసో" అనేవాడు. నాతో మాత్రం "ఆటో జర పక్కకు వెట్టు" అనేవాడు. ఇంట్లో అక్క కూడా పెద్ద చేపముక్క బావ పళ్లెంలోనే వేసేది. తోబుట్టువును నేనా, ఆయనా?

ఒక మధ్యాహ్నం నాచారంలో మూతబడ్డ ఫ్యాక్టరీ గోడ వెనక ఒక వెల్డర్ పడి ఉన్నాడని కబురొచ్చింది. వెళ్లేసరికి అతని పెదవులు నీలమెక్కాయి. బావ అతని నోట్లోకి ఊపిరి ఊది, తొడలో సూది దించాడు.

"పిలువు, పిలుస్తనే ఉండు" అన్నాడు నాతో.

"లే మామా, గింత ఎండల గీ నిద్రేందే?"

ఉలుకూ పలుకూ లేదు. బావ మళ్లీ ఊదాడు. నా చేతులు ఊరికే వేలాడుతున్నాయి. చివరికి వెల్డర్ గట్టిగా ఊపిరి పీల్చి కళ్లు తెరిచాడు.

"ఎవడ్రా నా నిషా ఖరాబ్ జేసింది?"

"గీయ్ననే!" అంటూ వెంటనే బావను చూపించాను. ఆ ఒక్కసారే పేరంతా ఆయనకు మనస్ఫూర్తిగా ఇచ్చేశాను.

మందు బలం తగ్గితే మళ్లీ పడిపోతాడని అతన్ని దవాఖానాలో చేర్చి సెంటర్‌కు వచ్చాం. రాగానే అందరూ బావ చుట్టూ మూగారు. నేను నేరుగా నర్సక్క దగ్గరికి వెళ్లాను.

"గసొంటి సంచి ఇంకోటి లేదా అక్కా? రేపు బావ లేకుంటే ఎవలు ఏస్తరు? నా చేతులేమన్న వంకరున్నయా?"

నర్సక్క తల కూడా ఎత్తలేదు.

"సూదులు పట్టేటోళ్లు ముందుగాల కామెర్ల టీకా ఏయించుకోవాలె తమ్మీ. నేను టీకాలు దెచ్చిన నాడు మీ బావ వచ్చి కూసున్నడు, నువ్వు ఆటో యెనక దాసుకున్నవ్. సంచి నీకోసమే పక్కకు వెట్టిన. ఏదీ, అంగీ చెయ్యి పైకి మలువు."