హైమకు పోర్చుగీసు వచ్చిన వానాకాలం

మా ఆడపడుచు హైమకు స్పానిష్ వచ్చంటే మా శ్రీకాకుళం చుట్టాలెవరూ నమ్మరు. కలకత్తా పక్కన లిలువా రైల్వే క్వార్టర్లలో పెరిగిన ఫిట్టరు కూతురికి ఆ భాషెందుకొస్తుందని వాళ్ల అనుమానం. నమ్మకపోతే మానేయమనండి. ఆ రోజుల్లో హౌరాలో క్యూబాకు మద్దతుగా సభలు జరిగేవి. ఆ సభలు పెట్టేవాళ్లే ఒక లైబ్రరీ గదిలో సాయంత్రాలు స్పానిష్ పాఠాలు ఉచితంగా చెప్పేవారు. విప్లవం కోసం చేరినవాళ్లంతా కొద్ది నెలలకే మానేశారు. మా హైమ ఫ్యాను కింద కూర్చోవచ్చని చేరింది, ఆఖరుదాకా నేర్చుకుంది.

ఆ చదువు అన్నం కూడా పెట్టింది. గోనెసంచులు ఎగుమతి చేసే ఒక కంపెనీలో, స్పానిష్ మాట్లాడే దేశాల వ్యాపారులకు ఉత్తరాలు రాసే ఉద్యోగం దొరికింది. కొన్నేళ్లకు ఆ కంపెనీ మూతపడింది. తర్వాత ఏడాదిపాటు ఇంట్లో కూర్చుని పక్కింటి పిల్లలకు ట్యూషన్లు చెప్పింది.

ఇంతలో బ్రెజిల్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెలిచింది. అది 2002. కలకత్తా సందుల్లో గోడలన్నీ పసుపు, ఆకుపచ్చ రంగులు పూసుకున్నాయి. ఆ ఊపులో మైదాన్‌లోని భాగీరథీ స్పోర్టింగ్ అనే చిన్న క్లబ్బు బ్రెజిల్ నుంచి ఒక కోచ్‌ను రప్పించింది. పేరు జిల్సన్. పోర్చుగీసు తప్ప ఆయనకు మరో ముక్క రాదు. క్లబ్బు సెక్రటరీ పరితోష్ బాబు దుబాసీ కోసం వెతుకుతున్నాడని విని హైమ తిన్నగా వెళ్లి, తనకు స్పానిష్ వచ్చనీ, పోర్చుగీసు దాని చెల్లెలేననీ, ఇట్టే నేర్చేసుకుంటాననీ చెప్పింది.

"నెల రోజులు చూస్తాను. కుదరకపోతే గోవాలో పోర్చుగీసు వచ్చిన పెద్దాయన ఉన్నాడు, ఆయన్ని పిలిపిస్తాను," అన్నాడు పరితోష్ బాబు.

ఇంటికొచ్చి నా పక్కన చతికిలబడింది.

"వొదినా, ఇది కూడా పోతే మరి నాకీ బాసలొద్దు. పుస్తకాలన్నీ అటకెక్కించీసి, బతికినంతకాలం పిల్లలకి ఎక్కాలే సెప్పుకుంటాను," అంది.

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కాలేజ్ స్ట్రీట్‌లో పాత పోర్చుగీసు వ్యాకరణం ఒకటి కొనుక్కొచ్చింది. వారం తిరక్కుండానే చదవడం వచ్చేసింది. స్పానిష్‌లో తలుపును 'పుయెర్తా' అంటే ఇందులో 'పోర్తా' అంటారట. నిప్పును అక్కడ 'ఫుయెగో' అంటే ఇక్కడ 'ఫోగు' అట. ఇలాంటి దారులు కొన్ని పట్టుకుంటే చాలు, పాత మాటలే చొక్కా మార్చుకుని ఎదురొస్తాయంది. మా అత్తగారు సన్యాసమ్మ వంటింట్లోంచి, "ఏటే, అప్పుడే వొచ్చీసిందేటి ఆ బాస?" అని అరిస్తే, "వొచ్చీసిందమ్మా!" అని ఇది గొప్పగా అరిచింది.

నాకు అక్కడే భయం పట్టుకుంది. నేను ఇచ్ఛాపురం పిల్లను, ఒడియా వచ్చు. పెళ్లయి ఇక్కడికొచ్చిన కొత్తలో బెంగాలీ వింటే సగం తెలిసిపోయేది. ఆ సగాన్ని చూసుకుని తెలియని సగానికి కూడా తల ఊపేసేదాన్ని. చేపలవాడు నేనడగని చేపలన్నీ సంచిలో పడేసేవాడు. అసలు తల ఊపడం ఈ ఇంటి జబ్బు. మా మామగారు గురువులుగారు రైల్వే వర్క్‌షాపులో చేరిన కొత్తలో ఎవరేమన్నా "హ్యాఁ దాదా" అని ఒప్పేసుకునేవారట. అలా ఊపి ఊపి, ఒకదానికొకటి పడని రెండు యూనియన్లలోనూ సభ్యుడైపోయారు. పొద్దున ఒకరి ఊరేగింపులో జెండా పట్టుకుని, సాయంత్రం రెండోవారి సభలో కూర్చుని, ఇద్దరి చేతా తిట్లు తిన్నారు. తెలీలేదంటే ఊళ్లోంచి వచ్చిన మొద్దు అనుకుంటారని మావాళ్లందరికీ బెంగ.

హైమ కూడా అదే చేసింది. జిల్సన్ నోరు తెరిచేసరికి పుస్తకంలో చూసిన భాష ఎటు పోయిందో పోయింది. సగం మాటలు ముక్కులోంచి వస్తున్నాయి, సగం గొంతులోనే ఉండిపోతున్నాయి. ఇది స్పానిష్ తోకలు కత్తిరించి పోర్చుగీసులా పలుకుతుంది, ఆయన అవునవునన్నట్టు "సిం, సిం" అంటాడు. ఆయన చెప్పినదానికి ఇదీ "సిం, సిం" అంటుంది. తెలిసిన రెండు మాటల చుట్టూ ఏ కోచ్ అయినా చెప్పేదే అల్లి ఆటగాళ్లకు బెంగాలీలో వప్పజెబుతుంది. "బంతి తొందరగా అందించండి, మీ మనిషిని వదలకండి." వాళ్లు బుద్ధిగా వింటారు. మ్యాచులు ఓడిపోతారు.

అలా రెండు వారాలు గడిచాయి. ఒకరోజు జోరున వాన. సగం ఆట అయ్యేసరికి మావాళ్లు ఒక గోలు వెనకబడి ఉన్నారు. గదిలోకి వస్తూనే జిల్సన్ మొహం ఎర్రగా చేసుకుని ఏకబిగిన మాట్లాడాడు. హైమకు 'ఎడమ' అన్న మాట ఒక్కటే దొరికింది. ఎడమవైపు ఆడే లాల్టూ, మోకాలి బురద కూడా తుడుచుకోకుండా, "నన్నే అంటున్నారు కదా దీదీ? ఏం చెయ్యమంటున్నారు?" అని అడిగాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఈ మ్యాచి కూడా పాడుచేస్తే తనను జట్టులోంచి తీసేస్తారని వాడికి తెలుసు.

హైమ ఏదో ఒకటి అల్లబోయింది. వాడి మొహం చూస్తూ అల్లలేకపోయిందట. గుమ్మంలో పరితోష్ బాబు నిలబడి ఉన్నాడని తెలిసి కూడా, జిల్సన్ వైపు తిరిగి, "నాఁవ్ ఎంతెంజీ," అంది. నాకర్థం కాలేదని. అదే మాట లాల్టూకు బెంగాలీలోనూ చెప్పింది.

జిల్సన్ ఆమెను తేరిపార చూసి, పెద్దగా నవ్వాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, పసిపిల్లకు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి, వచ్చిన రోజు నుంచీ ఆమె మాటల్లో సగం తనకూ అర్థం కాలేదన్నాడు. ఆడమనిషి నొచ్చుకుంటుందని తల ఊపాడట. సముద్రాల అవతల కూడా ఉందంటే, ఆ జబ్బు మా ఒక్కరిదే కాదని నాకెంత సంతోషమో!

వెంటనే టీ తాగి పడేసిన మట్టి ముంతలు ఏరి నేల మీద ఆటగాళ్లలా పేర్చాడు. ఒక ముక్క చెప్పడం, ఆగడం. హైమ తనకు అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ అడగడం. లాల్టూ తప్పు ఆడలేదట. అతనికి అడ్డంగా ముందుకు ఉరుకుతున్న మరో ఆటగాడిని వెనక్కి జరగమని ఆయన గోల. అతను జరిగాడు. ఆ రోజు గెలవలేదు గాని, ఓడలేదు.

ఆ రోజు నుంచి హైమ అసలు చదువు మొదలైంది. జిల్సన్‌ను ప్రతి వాక్యానికీ చెయ్యి అడ్డం పెట్టి ఆపేది. ఆయన వంటింటి కబుర్లు, కూతురి అల్లరి, అలవాటైన కాఫీ దొరకని బాధ, అన్నీ అడిగి చెప్పించుకునేది. లోకల్ ట్రైన్‌లో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటలే ముక్కుతో సణుగుతుంటే పక్కవాళ్లు లేచి వేరేచోట కూర్చునేవారు. స్పానిష్ దానికి రాత ఇచ్చింది నిజమే. చెవి మాత్రం కొత్తగా తెచ్చుకోవాల్సి వచ్చింది.

నెల నిండిన సాయంత్రం నేను మైదాన్‌కు వెళ్లాను. ఇద్దరం కలిసి ఇంటికి పోదామని. క్లబ్బు టెంట్‌లో పరితోష్ బాబు, జిల్సన్, హైమ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పరితోష్ బాబు కుర్చీ చూపించి, హైమతో బెంగాలీలో అన్నాడు.

"సోమవారం గోవా ఆయన వస్తున్నాడు. జట్టంతా వింటుండగా నీకు అర్థం కాలేదని నువ్వే చెప్పావు. నేనేం చెయ్యను? ఆ సంగతి కోచ్‌కు చెప్పు."

ఎంత దారుణం! దాని ఉద్యోగం పోయిన కబురు దాని నోటితోనే చెప్పించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. హైమ మటుకు ఒక్క మాట తగ్గించకుండా పోర్చుగీసులో చెప్పేసింది. జిల్సన్ ముందుకు వంగి, బల్ల మీద చరుస్తూ గడగడా మాట్లాడాడు. హైమ ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆయన ఆగాక బెంగాలీలో చెప్పింది.

"ఈ క్లబ్బులో తాను ఏం చెప్పినా అందరూ సరే అంటారంటున్నారు. తెలియనప్పుడు తెలియలేదని చెప్పే మనిషి ఒక్కతే ఉందిట. అందుకని, తెలిసిందని ఆమె చెబితే నమ్ముతారట. గోవా పెద్దమనిషికి టీ ఇచ్చి పంపించమంటున్నారు."

పరితోష్ బాబు అనుమానంగా చూశాడు. "ఇందులో నువ్వు కలిపిందెంత?"

"కలపలేదు దాదా. ఒకటి వదిలేశాను. పొగడ్త. నా నోటితో నేను చెప్పుకోలేను."

పరితోష్ బాబు జిల్సన్‌ను, హైమను మార్చి మార్చి చూసి, కుర్రాణ్ణి కేకేసి మా అందరికీ స్ట్యూ, రొట్టె తెమ్మన్నాడు. సోమవారం ప్రాక్టీసు పొద్దున్నే ఉంటుందనీ, ఆలస్యంగా రావద్దనీ హైమకు చెప్పాడు.

హౌరా లాంచి ఎక్కాక ఆగలేకపోయాను. "ఏటన్నాడే? ఆ వొదిలీసిన ముక్క సెప్పు."

"అది తరవాత సెప్తాను వొదినా," అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆయన మాటాడతంటే నాను స్పేనిష్‌లోకి మార్చుకోనేదు. ఒక్క ముక్క కూడా మార్చుకోనేదు. సూటిగా తెలిసిపోనాది."

జనమంతా చూస్తున్నా పట్టించుకోకుండా, రేవు వచ్చేదాకా నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.