పన్నెండో దెబ్బకు జవాబు

బసిలీసా చేతికి కర్ర వచ్చింది పెళ్లైన మూడోనాడు. ఆమె భర్త తిబుర్సియోతో రోజూ కర్ర కలిపే జతగాడు ఆ వారమే చేపల పడవ ఎక్కి వెళ్లి తిరిగి రాలేదు. కర్రసాము ఒంటిగా సాగేది కాదు. "నువ్వు కొడుతూ ఉండు, నేను కాచుకుంటాను," అంటూ మూరన్నర పేము కర్ర ఒకటి ఆమె చేతిలో పెట్టాడు తిబుర్సియో. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. కోళ్లకు గింజలు చల్లినట్టు కొడుతోందని ఆయన పగలబడి నవ్వాడు. నెల తిరిగేసరికి నవ్వడం మానేశాడు.

ఆ తర్వాత ముప్పై ఒక్కేళ్లు అదే పని. పొద్దున్నే మొక్కజొన్న నూక పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోగా వాకిట్లో ఆయనకు దెబ్బలు ఇచ్చేది. మొత్తం పన్నెండు. కణతకు, భుజానికి, మోచేతికి, పక్కటెముకలకు... వరస తప్పకూడదు. కర్ర మొనతో ఆయన నేల మీద గీసిన ముక్కోణం దాటి పాదం పడకూడదు. పన్నెండోది తల మీదికి వస్తున్నట్టే వచ్చి, దారి మార్చుకుని మోకాలికి దిగుతుంది. అది ఇచ్చిన ప్రతిసారీ ఆమె కర్ర ఎగిరి కొబ్బరిచెట్టు మొదట్లో పడేది. మణికట్టు లోపలి వైపు చీమ కుట్టినట్టు చురుక్కుమనేది. ఆయన ఏం చేశాడో మాత్రం ఆమెకు తెలిసేది కాదు.

చూడకూడదు మరి. దెబ్బ ఇచ్చేవాళ్ల చూపు ఎదుటి మనిషి గొంతు గుంట మీదే ఉండాలి. అది ఆ వాకిటి పద్ధతి. ముప్పై ఒక్కేళ్లలో ఆమె ఒక్కసారీ కళ్లు దించలేదు. అడగడం మాత్రం ఒకసారి అడిగింది.

"ఆ చివరిదానికి నువ్వేం చేస్తావు?"

"నీకెందుకే? రేపు నామీద కోపమొస్తే గరిటె పట్టుకుని నాకే చేసి చూపిస్తావు."

శిష్యులతోనూ అంతే. పదకొండింటికి జవాబులు నేర్పి, పన్నెండోది దాచుకున్నాడు. ఎవడైనా నేర్పినవాడి మీదికే కర్ర ఎత్తితే, నేర్పినవాడి దగ్గర ఒకటి మిగిలి ఉండాలి. ఆయన గురువు కూడా అలాగే దాచి, పోబోయే ముందు ఒక గుడ్ ఫ్రైడే నాడు ఇచ్చాడట. "నా చివరి శుక్రవారం నాకు తెలుస్తుందిలే," అనేవాడు తిబుర్సియో.

తెలియలేదు. మొన్న నవంబరులో ఒక పొద్దున, ఐదో దెబ్బ దగ్గర, ఆయన చేతిలోంచి కర్ర జారింది. బసిలీసా దెబ్బ వెళ్లి ఆయన చెవి పక్కన తగిలింది. ఆమె దెబ్బ ఆయనకు తగలడం అదే మొదటిసారి. పక్షవాతం అన్నారు ఆరోగ్య కేంద్రంలో. దెబ్బ తగలకముందే చెయ్యి పడిపోయిందనీ, ఆమె తప్పేమీ లేదనీ కూడా అన్నారు. ఆమె తల ఊపింది గానీ నమ్మలేదు.

కుడి పక్క మొత్తం పోయింది, కుర్చీకే అతుక్కుపోయాడు. మాట పోయింది. ఏడుపూ నవ్వూ మాత్రం మిగిలాయి, అవీ వాటి ఇష్టానికి వస్తాయి. కోడిపెట్ట దాటితే నవ్వుతాడు, చెంచా నోటి దగ్గరికి వస్తే ఏడుస్తాడు. "అది ఆయన ఏడుపు కాదమ్మా, జబ్బు ఏడుపు," అంది నర్సు. తల ఊపమంటే ఊపుతాడు. ఉప్పు కావాలా అన్నా ఊపుతాడు, వద్దా అన్నా ఊపుతాడు.

శిష్యులు ఒక్కొక్కరే రావడం మానేశారు. చివరికి రొదెలియో ఒక్కడు మిగిలాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. బావమరిది అనాస తోటల్లో పని చూశాడని, ఈస్టర్ ఆదివారం పడవకు కుటుంబంతో మిందనావో వెళ్లిపోతున్నాడు. ఆ దీవికి వెళ్లినవాళ్లు మళ్లీ ఈ రేవులో దిగడం బసిలీసా ఎప్పుడూ చూడలేదు. వీడికి జవాబు దొరికితే ఎక్కడో ఒకచోట అది బతుకుతుంది. దొరక్కపోతే ఇక్కడే, ఆ కుర్చీలోనే, అయిపోతుంది.

గుడ్ ఫ్రైడే పొద్దున్నే రెండు కర్రలు తీసుకుని వచ్చాడు రొదెలియో. తిబుర్సియో కుర్చీని వాకిట్లోకి తెచ్చి పెట్టారు.

"నాంగ్ ఇసాంగ్, కాళ్లు నువ్వు చెప్పు. చేతులు నేను వెతుక్కుంటా." ఊళ్లో అందరికీ బసిలీసా ఇసాంగ్; వాడికి ఆమె నాంగ్, అంటే అక్క, తిబుర్సియో నోంగ్, అంటే అన్న.

కాళ్లు ఆమెకు తెలుసు. గుడ్ ఫ్రైడే నాడు ఎవరూ వాకిలి ఊడవరు. ఏటా శనివారం చీపురు పట్టుకుని వచ్చేసరికి ముందురోజు అడుగులన్నీ నేల మీద అలాగే ఉండేవి. వాటిని ఆమె ఊడవబోయే ముందు చూసుకునేది. కర్రను చూడొద్దన్నాడు, నేలను చూడొద్దనలేదు.

"ఎడమ పాదం ఇదుగో, ఇలా నెలవంకలా ఈడుస్తాడు డోంగ్. కుడి మడమ లోతుగా దిగుతుంది. బరువంతా అక్కడే," అంది, వాణ్ని తమ్ముడిలా డోంగ్ అని పిలుస్తూ.

ఆమె చూపించిన అడుగుల్లో రొదెలియో నిలబడ్డాడు. ఆమె దెబ్బ ఇచ్చింది. టప్పున వాడి మోకాలికి తగిలింది.

"అబ్బా! ఈ లెక్కన మిందనావోకి కుంటుకుంటూ పోతాను నాంగ్."

"కాచుకోవడం రానివాడు కుంటాలి మరి."

కంచె అవతల నుంచి పక్కింటి చోలింగ్ తల పైకెత్తింది. "ఏమేవ్ ఇసాంగ్! దేవుడు చచ్చిపడి ఉన్న రోజున ఈ ఏడు కూడా ఆ కర్రల చప్పుడేమిటే? ఇవాళ గీసుకున్న గాయం మానదు, తెలుసుగా!"

"మానని గాయం ఇంట్లో ఉంది చోలింగ్, ఇంకొకటొస్తే దానికి తోడు," అంది బసిలీసా, కర్ర దించకుండానే.

పై నుంచి ప్రయత్నించారు. కింద నుంచి ప్రయత్నించారు. పేము రాసుకుని కాలిన వాసన వాకిలంతా పట్టింది. ఎండ కుర్చీ కాళ్ల దాకా వచ్చింది. ఒకసారి రొదెలియో కర్ర అడ్డంగా తిరిగి, బసిలీసా కర్ర చేతిలోంచి ఊడి కొబ్బరిచెట్టు మొదట్లో పడింది.

"ఇదే నాంగ్! ఇదే కదా!"

ఇద్దరూ తిబుర్సియో వైపు తిరిగారు. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. రొదెలియో సంతోషంతో కేక పెట్టబోయి, ఆగి, బసిలీసాను మళ్లీ కొట్టమన్నాడు. ఈసారి కావాలనే తప్పుగా, చిన్నపిల్లల ఆటలా కర్ర ఊపాడు. తిబుర్సియో అలాగే ఏడుస్తున్నాడు.

బసిలీసా తన మణికట్టు తడుముకుంది. చురుక్కుమనలేదు. "కాదు," అంది.

అప్పుడు ఆమెకు ఏం తోచిందో, కుర్చీ ఎదురుగా నిలబడి, పన్నెండో దెబ్బను నీళ్లలో నడిచినంత మెల్లగా ఆయనకే ఇచ్చింది. కర్ర తల నుంచి దారి మార్చి మోకాలి మీదికి దిగుతుండగా ఆయన ఎడమ చెయ్యి లేచింది. బొటనవేలు కిందికి తిప్పి, ఆమె మణికట్టును లోపలి వైపు నుంచి పట్టుకుంది. సరిగ్గా ఆ చురుక్కుమనే చోట.

"కదలకు నాంగ్!" రొదెలియో మోకాళ్ల మీద కూర్చుని ఆ చేతిని అన్ని వైపుల నుంచీ చూశాడు. "చెయ్యి ఇదీ. మరి కర్ర?"

కర్ర పట్టాల్సిన కుడి చెయ్యి ఒడిలో తడిగుడ్డలా పడి ఉంది. అందులో కర్ర పెట్టి వేళ్లు మూశారు. జారి కింద పడింది. ఎడమ చేతిలో పెట్టారు. ఆ చెయ్యి ఎన్నడూ కర్ర ఎరగదు, పట్టుకోవడమే దాని పని. పెట్టిన కర్రను వదిలేసి మళ్లీ ఆమె మణికట్టు వెతుక్కుంది.

మధ్యాహ్నానికి రొదెలియో చెమటతో తడిసిపోయి కూలబడ్డాడు. "కాళ్లున్నాయి, ఎడమ చెయ్యి ఉంది. దీన్నుంచి కర్ర పది రకాలుగా పోవచ్చు నాంగ్. పదీ పనికొచ్చేవే. వాటిలో ఒకటి నోంగ్ తిబుర్సియోదని చెప్పుకుంటే ఎవరు కాదంటారు?"

"ఎవరూ అనరు డోంగ్."

"మరి?"

"అది నీది అవుతుంది. మంచిదే అవుతుంది. ఆయనదని మాత్రం నా ఎదురుగా అనకు."

కొబ్బరిపాలలో చిలగడదుంప, అరటి, సగ్గుబియ్యం వేసి వండిన బినిగ్నిత్ ఆమె గిన్నెలో పోసి ఇస్తే, వాడు తల వంచుకుని తిన్నాడు. వెళ్లేటప్పుడు దీవెన కోసం తిబుర్సియో ఎడమ చేతిని నుదుటికి ఆనించుకున్నాడు. తిబుర్సియో నవ్వాడు.

"వచ్చే ఏడు గుడ్ ఫ్రైడేకి వస్తాను నాంగ్."

"పిల్లలకు పడవలో దుప్పటి కప్పు. గాలి చెడ్డది."

శనివారం ఆమె చీపురు పట్టుకుని చాలాసేపు నిలబడింది. నేల మీద ఆమె అడుగులు, రొదెలియో అడుగులు, కుర్చీ కాళ్ల నాలుగు గుంటలు. ఊడ్చేసింది.

సోమవారం పొద్దున నూక పొయ్యి మీద పెట్టి కుర్చీని వాకిట్లోకి లాగింది. పదకొండు దెబ్బలూ ఆయన ఒంటికి జానెడు దూరంలో ఆపుతూ, వరస తప్పకుండా ఇచ్చింది. ఆయన కదలలేదు. పన్నెండోది ఇచ్చింది. ఎడమ చెయ్యి లేచి మణికట్టు పట్టుకుంది.

బసిలీసా ఆయన గొంతు గుంట మీద నుంచి చూపు తీసి, కిందికి చూసింది. ఒడిలో కుడి చెయ్యి ఉంది. దాని మీద ఒక ఈగ వాలి ఉంది.

ఆమె అలాగే వంగి, కర్ర ఆయన మోకాలి దగ్గర పెట్టుకుని నిలబడింది. లోపల నుంచి నూక అడుగంటుతున్న వాసన వచ్చింది. అప్పుడు ఆయన వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసుకుని, కుండ దించడానికి లోపలికి వెళ్లింది.