భీమయ్యకు జరిగిన సన్మానం

సన్మానాలు చేసి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, చేయించుకుని పేరు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒక్క శాలువా కప్పి ఒకటో తరగతి మొత్తాన్ని తడిపేసిన ఘనత మాత్రం నాది. ఇందులో ఎవరికీ వాటా లేదు. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను, మొహమాటపడకండి.

అప్పుడు నాకు ఉద్యోగం కొత్త. దుమ్ముగూడెం దాటి అడవిలోకి కొంత దూరం పోతే వచ్చే చిన్న ఊళ్ళో బడి. పెద్ద పిల్లలకు హెడ్ మేడం సరోజన గారు, చిన్న పిల్లలకు నేను. ఖమ్మంలో మాది తాతల నాటి బట్టల దుకాణం. గుడ్డ తాను చూడగానే దాని నాణ్యం చెప్పగలను. పిల్లల సంగతి అడిగితే మాత్రం ట్రైనింగ్‌లో చదివిన పుస్తకాలే దిక్కు. వాటిలో బాలల మనస్తత్వం మీద బోలెడు ఉంది కానీ, క్లాసు మధ్యలో ఉచ్చ పోస్తే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు.

మా భీమయ్య పేరుకే భీమయ్య, మనిషి పిడికెడు. అన్న చొక్కా తొడుక్కొచ్చేవాడు, అది మోకాళ్ళ కిందికి వేలాడేది. బడిలో చేర్పించిన రోజు వాడి నాయనమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"సారూ, వీళ్ళయ్య గూడ గీ బడికే వచ్చిండు. ఒకనాడు క్లాసుల ఉచ్చ పోస్కుంటే పిలగాండ్లంత నవ్విండ్రు. గా సిగ్గుకు మళ్ల గీ గడప తొక్కలే. కొట్టినా రాలే, బతిమాలినా రాలే. వీడు గూడ గసుంటోడే. ఎవలన్న నవ్విండ్రంటే ఉరుకుతడు, ఇగ రాడు. జర పైలం సారూ."

"పూచీ నాదమ్మా" అన్నాను గుండె మీద చెయ్యి వేసుకుని. అంత పెద్ద పూచీ తీసుకున్నవాడు ఏం చేయాలి? జాగ్రత్తగా ఉండాలి. నేనేం చేశానంటే, చట్టం చేశాను. పిల్లలు చిటికెన వేలు చూపిస్తే ఒకటికి పోవాలని అర్థం కదా. ఒక వేలు లేస్తే చాలు, క్లాసులో ఉన్న వేళ్ళన్నీ లేచేవి. అందరూ కలిసి పోయి తూనీగలు పట్టుకుని తీరిగ్గా వచ్చేవాళ్ళు. అందుకని, గంట కొట్టేదాకా ఎవరూ కదలకూడదని హుకుం జారీ చేశాను.

ఓ ఆదివారం నేను ఖమ్మంలో ఉండగా మేడం ఫోన్ చేసింది. "నయీం, రేపు మధ్యాహ్నం మండలం నుంచి పెద్ద సారు వస్తుండు. మీ దుకాణంల నుంచి ఓ మంచి శాలువ పట్కరా."

మా అబ్బాజాన్‌కు చెబితే ఆయన నవ్వాడు. "ఒకటేంది బేటా, కట్టనే తీస్కపో. సన్మానం అంటే ఒక్కరితోని ఆగుతదా?"

ఆయన నోటిమాట అంత ఖచ్చితంగా ఫలిస్తుందని నాకేం తెలుసు!

సోమవారం పొద్దున బోర్డు మీద 'ఔ' రాస్తున్నాను. భీమయ్య చిటికెన వేలు లేచింది.

"కూర్చో. 'ఔ' అయిపోనీ."

"సారూ..."

"'ఔ' అయిపోనీ అన్నానా!"

వాడు కాళ్ళు మెలివేసుకుని కూర్చున్నాడు. నేను ఆ 'ఔ'ని పెళ్ళిపందిట్లో ముగ్గు పెట్టినంత శ్రద్ధగా దిద్దాను. తిరిగి చూసేసరికి భీమయ్య కింది నుంచి ఒక ధార బయల్దేరి, నా మీద ఫిర్యాదు చేయడానికే వచ్చినట్టు నేరుగా నా చెప్పుల దగ్గరికి వచ్చి ఆగింది.

తప్పు నాది, తడిసింది వాడు. వాడి గడ్డం వణుకుతోంది. కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వీడు ఇప్పుడు ఆ తలుపు దాటాడంటే మళ్ళీ రాడు. నా పూచీ గోదాట్లో కలిసినట్టే.

ముందు వరసలో చిట్టి అని ఒక పిల్ల ఉండేది. దాని కంటికి దొరకనిది లేదు, నోట్లో ఆగేది లేదు. "సారూ! భీమయ్య..." అని మొదలుపెట్టింది.

"ఆగు!" అని అరిచి, దిక్కుతోచక, అబ్బాజాన్ ఇచ్చిన కట్ట ఉన్న సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి శాలువా తగిలింది. జరీ అంచు ఎర్ర శాలువా. దాన్ని తీసి భీమయ్య భుజాల చుట్టూ కప్పేశాను. "ఈ రోజు మన భీమయ్యకు సన్మానం! అందరూ చప్పట్లు!"

సన్మానమంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. సర్పంచికి చేస్తుంటే చూశారు. క్లాసంతా దద్దరిల్లేలా కొట్టారు. ఆ సందట్లో వాడి లాగు విప్పించి, బోరింగు దగ్గర పిండి, కిటికీ ఊచకు ఆరేశాను. నేల కడిగేశాను. భీమయ్య శాలువా అంచు తడుముకుంటూ కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను. అక్కడితో కథ అయిపోయిందనుకున్నాను, అమాయకుణ్ణి.

చిట్టి లేచింది. "సారూ, వానికెందుకు కప్పినవ్?"

"బుద్ధిగా కూర్చున్నందుకు."

"నేను గూడ కూసున్న."

"నీకు రేపు."

"కాదు. వాడు ఉచ్చ పోసిండు, గందుకే కప్పినవ్."

"ఛ ఛ, అందుకు కాదు."

"మరి లాగెందుకు పిండినవ్?"

ఆ పిల్లకు నల్లకోటు ఒక్కటే తక్కువ. నేను బోర్డు వైపు తిరిగాను. కాసేపటికి వెనక నుంచి గర్వంగా ఒక గొంతు వినబడింది. "సారూ, నేను గూడ పోసిన. కప్పు."

నిజంగానే పోసింది! కప్పకపోతే చిన్నబుచ్చుకుంటుందని కప్పాను. అంతే, ఇక ఆగింది లేదు. ఒకడి తర్వాత ఒకడు లేచి "నేను గూడ", "నేను గూడ". కట్ట కరిగిపోతోంది, కిటికీ ఊచలు నిండిపోతున్నాయి. చివరి వరసలో ఒకడు భోరుమని ఏడుస్తున్నాడు. "సారూ, నాకు వస్తలేదు!" పక్కవాడు జాలిపడి వాడికి నీళ్ళ సీసా పట్టి తాగిస్తున్నాడు.

అప్పుడే మేడం పరుగున వచ్చింది. "నయీం, పెద్ద సారు పొద్దుగాలనే వచ్చిండు! శాలువ ఇటియ్ జల్దీ..." అంటూ క్లాసు చూసి నిలబడిపోయింది. "ఏందిది?"

"శాలువాలన్నీ పిల్లల మీదున్నాయి మేడం."

"ఒకటి గుంజు!"

"కింద లాగుల్లేవు మేడం."

మేడం ద్వారబంధం పట్టుకుంది. ఇంతలో పెద్ద సారు లోపలికి రానే వచ్చాడు. మోటర్‌సైకిలు మీద వాగు దాటి వచ్చాడేమో, ప్యాంటు తొడల దాకా తడిసి ఉంది. క్లాసును ఒక మూల నుంచి ఇంకో మూల దాకా చూశాడు.

"ఏందమ్మా, క్లాసంతటికి సన్మానమే? ఏం సాధించిండ్రు?"

మేడం నన్ను చూసింది. నేను 'ఔ'ని చూశాను.

అప్పుడు భీమయ్య లేచాడు. పొడుగు చొక్కా ఉండబట్టి పరువు దక్కింది. మెల్లగా పెద్ద సారు దగ్గరికి వెళ్ళి, ఆయన తడిసిన ప్యాంటును జాలిగా చూశాడు.

"సారూ, నువ్వు గూడ పోస్కున్నవా?"

మేడం కళ్ళు మూసుకుంది. నా ఉద్యోగం ఊడి గోదారి వైపు నడిచిపోతున్నట్టు నాకు కనబడింది.

"ఏం గాదు సారూ, ఎవలు నవ్వరు" అంటూ వాడు తన శాలువా తీసి పైకెత్తాడు. అందలేదు. ఆ పెద్దమనిషి ఏమనుకున్నాడో, వంగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. భీమయ్య ఆయన భుజాల మీద శాలువా కప్పి, క్లాసు వైపు తిరిగి గద్దించాడు. "ఏయ్, చప్పట్లు కొట్టుండ్రి!"

కొట్టారు. మేడమూ కొట్టింది. నేనూ కొట్టాను. పెద్ద సారు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. భీమయ్య తల నిమిరి, "అవ్ బిడ్డా, పోస్కున్న. నీ అంత ఉన్నప్పుడు. మా సారు శాలువ తియ్యలే, బెత్తం తీసిండు" అన్నాడు. పోతూ పోతూ నా దగ్గర ఆగాడు. "వేలు లేపినప్పుడే పంపియ్యవయ్యా. గింత ఆర్భాటమెందుకు?"

మర్నాడు బడి తెరవకముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. ఇంటికెళ్ళాక ఎవరైనా వాడిని చూసి నవ్వారేమో, వస్తాడో రాడో అని ఒకటే గుబులు. దూరంగా పొడుగు చొక్కా కనబడగానే ఊపిరి పీల్చుకున్నాను. వాడు గెంతుకుంటూ వచ్చి నన్ను దాటుకుని లోపలికి పోయాడు. వెనకాలే నాయనమ్మ రుసరుసలాడుతూ వచ్చింది.

"ఏం జేసినవ్ సారూ మా పోరనికి?"

"ఏమైందమ్మా?" అన్నాను భయంగా.

"పొద్దుగాల చాప మీద పోసిండు. తిడ్దామని పోతే లేచి నిలవడి చప్పట్లు కొట్టుమంటుండు! ఇంటిల్లిపాది కొట్టేదాక లాగు తొడగనియ్యలే!"

అక్కడే, ఆ గేటు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. చిటికెన వేలు లేస్తే 'ఔ' సగంలో ఉన్నా సుద్దముక్క కింద పెట్టేస్తాను. ఈ జన్మలో ఏ మనిషికీ శాలువా కప్పను. ఎవరైనా బలవంతాన వేదిక ఎక్కించి నాకే కప్పబోతే, ముందు మైకు తీసుకుని సభాముఖంగా ప్రకటిస్తాను: అయ్యలారా, అమ్మలారా, నేను పొడిగానే ఉన్నాను.