పార్కులో నేర్చుకోని పాట

మా హార్మోనియం సారు పోయారని బిచ్కుంద అంగట్లో ఎవరో చెప్పారు. కొన్న వంకాయలు అక్కడే వదిలేసి బాన్సువాడ బస్సెక్కాను.

చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా, హార్మోనియం మెడకు తగిలించుకుని పాడె ముందు పాడుతూ నడిచేది ఆయనే. ఆయన పాడె ముందు మాత్రం డప్పులే మోగాయి. ఆ సాగనంపే పాట ఇంకెవరికీ రాదు. నేర్చుకోవలసినవాణ్ణి నేనే, నేర్చుకోలేదు.

సంసారమున్న ఇంట్లో ఆ పాట సాధన చేయకూడదంటారు మా వైపు. అందుకని సారు సాయంత్రాలు పంచాయతీ పార్కుకు వచ్చి, విరిగిన జారుడుబల్ల పక్కన బెంచీ మీద కూర్చునేవారు. భజనలు నేర్పమని నేనూ చేరాను. అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రిని, వరి తప్ప ఏమీ తెలియనివాణ్ణి.

"ఏంది పటేలా, పెట్టె మీద యూరియా చల్లుతున్నవా?" అని ఆటపట్టించేవారు. తప్పు వాయిస్తే కోప్పడరు. నా వేలు పట్టుకుని సరైన మెట్టు మీద పెట్టి, టీ తాగడానికి లేచేవారు.

రెండేళ్లకు ఒకరోజు, "ఇగ సాగనంపే పాట ఎత్తుకుందాం. నాకు దమ్ము చాలుతలేదు" అన్నారు.

నేను పెట్టె మీంచి చేతులు తీసేశాను. "ఇంట్ల చిన్నపిల్లలున్నరు సారూ."

"నాకు లేకుండెనా? ఇద్దర్ని సాగనంపిన. పాట పాడినందుకు పోలే, జ్వరమొచ్చి పోయిండ్రు."

ఆ మాటకైనా సిగ్గుపడాల్సింది. మర్నాటి నుంచి పార్కు వైపు పోలేదు. నాట్లని, కోతలని సాకులు చెప్పుకున్నాను. అది పిరికితనం, దానికి వేరే పేరు లేదు.

ఆయన పోయిన ఏడాదికి పార్కుకు ఆయన పేరు పెట్టారు. కొత్త రంగు, కొత్త బోర్డు, మైకులో సినిమా పాటలు. పెద్దలంతా వెళ్లిపోయాక సారు భార్య హార్మోనియం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"పాట పటేలుకు అప్పజెప్పిన అన్నడు నాతోని. ఆనాడు దుఃఖంల నీకు చెయ్యాడలే. ఇయ్యాలన్న వాయించు బిడ్డా."

నా పరువు కాపాడటానికి సారు ఆడిన అబద్ధం అది. రాదని చెప్పకుండా పెట్టె తెరిచాను. పాడెల వెంట నడిచినప్పుడు విన్న పల్లవి ఒక్కటే గుర్తుంది, అదే పాడుతూ వాయించాను. ఆమె కళ్లు మూసుకుని గొంతు కలిపింది. చరణం దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. ఆమె కళ్లు తెరవలేదు. నేను పెట్టెకు ఊరికే గాలి కొడుతున్నాను. తర్వాతి మాట కోసం తల కొంచెం వంచి, ఆమె అలాగే కూర్చుంది.