గున్నకు అర అంగుళం

మా ఆవిడ టైలరు. ఈ మాట అనగానే అందరూ చొక్కాలూ గౌన్లూ అనుకుంటారు. ఆవిడ చొక్కా కుట్టగా నేనెప్పుడూ చూడలేదు. నా చొక్కాకి గుండీ ఊడితే నేనే కుట్టుకుంటాను. ఆవిడ కుట్టేవి గుడారాలు, లారీల మీద కప్పే టార్పాలిన్లు, జీపుల టాపులు. ఆవిడ సూది నా చిటికెన వేలంత ఉంటుంది. చెవి మీద ఎప్పుడూ ఒక పలచటి బట్టల సుద్ద ఉంటుంది. పడుకునే ముందు తీసి దిండు కింద పెట్టుకుంటుంది.

ఈ పని వాళ్ళ నాన్న నేర్పాడు. ఆయనకి ముక్కు మీద కోపం. బట్ట కొయ్యడం నేర్పేటప్పుడు గీత మీద కోస్తే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడట. గీతకి అర అంగుళం బయట కొయ్యాలి, ఆ అర అంగుళం కుట్టులోకి పోతుంది, ఇదీ ఆయన పాఠం. ఆ అర అంగుళం మా ఆవిడ చేతికి అంటుకుపోయింది. పుస్తకాలకి అట్టలు వేసినా, బీరువా అరల్లో కాగితాలు పరిచినా చుట్టూ అర అంగుళం ఎక్కువే ఉంటుంది. మా ఇంట్లో అరలన్నిటికీ కాగితం అంచులు బయటికి వేలాడుతూ ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను, నా మాట ఏనాడూ చెవిన పెట్టలేదు.

ఇక గున్న సంగతి. గున్న అంటే మా జీపు. ఇరవై రెండేళ్ళ కిందట సర్వే ఆఫీసులో పాత జీపుకి టాపు కుట్టమంటే వెళ్ళింది. టాపు కుట్టింది. ఆ తర్వాత ఆ ఆఫీసు వాళ్ళు బండిని వదిలించుకుంటున్నారని తెలిసి, తన టాపు కింద ఇంకెవరో కూర్చోవడం భరించలేక బండినే తెచ్చేసుకుంది. ఏనుగుపిల్లలా పొట్టిగా, గట్టిగా ఉందని తనే గున్న అని పేరు పెట్టింది. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే బండి కనుక ఎంత రాళ్ళదారి అయినా ఎక్కేది. కొండల్లో క్వారీలున్నాయి, రోడ్లు వేసేవాళ్ళ గుడారాలున్నాయి. చిరిగిన గుడారాన్ని పీకి కిందికి మోసుకు రావడం వాళ్ళకి కుదరదు. అందుకని ఈవిడే కుట్టుమిషను గున్న వెనక వేసుకుని పైకి వెళ్ళి, అక్కడే కుట్టి వచ్చేది. గున్న లేకపోతే ఆవిడకి కొండ లేదు. కొండ లేకపోతే వీధిలో కూర్చుని సంచుల జిప్పులు మార్చుకోవాలి. ఆ మాట ఆవిడే అంది, చాలా అసహ్యంగా.

నేను స్కూల్లో గుమాస్తాని. బస్సులో వెళ్తాను, బస్సులో వస్తాను. గున్న ఎక్కింది మొత్తం మూడుసార్లు, మూడుసార్లూ కళ్ళు మూసుకునే కూర్చున్నాను.

ఈ ఏడు ఎండల్లో కొండ మీద గున్న పొగలు కక్కి ఆగిపోయింది. లారీకి కట్టి లాక్కొచ్చారు. వీధి చివరి మెకానిక్ కింద బోల్టు విప్పి నూనె కారిస్తే పాలు ఎక్కువైన టీలా వచ్చింది. ఇంజను దిమ్మ పగిలి నీళ్ళు నూనెలో కలిశాయన్నాడు. "దీని పని అయిపోయిందమ్మా, పాత ఇనుముకి ఇచ్చేయండి" అని చేతులెత్తేశాడు. అదే వారం బళ్ళ తనిఖీ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. నలభై రోజుల్లో, ఫలానా శుక్రవారం నాటికి బండి నడిపించి చూపకపోతే కాగితాలు రద్దు. అంత పాత బండికి ఒకసారి రద్దయితే మళ్ళీ ఇవ్వరు. నేనూ పాత ఇనుమే మంచిదన్నాను. నిజం చెప్పాలంటే లోపల కాస్త సంతోషించాను కూడా. కొండదారిలో ఆవిడ ఒక్కతే వెళ్తుంటే ఇరవై రెండేళ్ళుగా నాకు గుండె దడే. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు తమ్ముడి షెడ్డుకి వెళ్ళింది. మా బావమరిది వెల్డరు. ఇంజన్లు విప్పి బిగించడం కూడా వచ్చు. అక్క అంటే ప్రాణం, అక్క అంటే భయం.

"రొట్టెల కంపెనీ వ్యాను ఒకటి ఉందిరా. వెనక లారీ గుద్దింది. వెనక భాగం నుజ్జయింది గానీ ఇంజను నిక్షేపంలా ఉంది. డీజిలుది. తెచ్చేశాను" అంది.

"తెచ్చేశావా? అక్కా, అది వేరే బండి ఇంజను. గున్న గేర్‌బాక్సుకి అతకదు."

"అతకకపోతే అతికిద్దాం. పుట్టినప్పటి నుంచీ నేను చేస్తున్నది ఆ పనేగా."

వాడు నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

ముందు ఆ ఇంజనుని పూర్తిగా విప్పారు. విప్పిన బోల్టులు డబ్బాలో వేస్తుంటే ఆవిడ ఊరుకోలేదు. టార్పాలిన్ ముక్క మీద వరసగా తొంభై జేబులు కుట్టి గోడకి వేలాడదీసింది. ఏ నట్టు ఏ జేబులోదో చీటీలు రాసే పని నాకు పడింది. నా దస్తూరీ బాగుంటుంది. మొదటి రోజు విసుక్కుంటూ రాశాను. మూడో రోజుకి ఏ జేబులో ఏముందో చూడకుండా చెప్పగలిగాను. వారం తిరిగేసరికి స్కూలు గంట కొట్టగానే బస్సు ఎక్కకుండా షెడ్డుకి నడిచి వెళ్తున్నాను. హాజరు పట్టీ మీద గ్రీజు వేలిముద్రలేమిటని హెడ్మాస్టరు అడిగితే చేతులు వెనక్కి దాచుకున్నాను.

పిస్టన్లు తీశారు. అరిగిన రింగులు మార్చారు. పైమూతని లేతు మీద చదును చేయించారు. ఆవిడ ఒక్కో ముక్కనీ కిరసనాయిల్లో ముంచి బ్రష్షుతో తోమింది. అది నా పళ్ళ బ్రష్షని తర్వాత తెలిసింది. కోపం రాలేదు, నాకే ఆశ్చర్యం. అన్నీ బిగించాక బావమరిది ఇంజను ముందరి చక్రం పట్టుకుని చేత్తో తిప్పాడు. లోపల నాలుగు పిస్టన్లూ నూనెలో మెత్తగా పైకీ కిందికీ జారాయి. "బావగారూ, మీరూ తిప్పండి" అన్నాడు. తిప్పాను. ఒళ్ళంతా పులకరించింది. ఇంకోసారి తిప్పాను. ఆవిడ వచ్చి "ఇక చాలు, దిష్టిబొమ్మలా అక్కడే నిలబడకండి" అనేదాకా వదల్లేదు.

ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య అతుకుపలక కావాలి. ఇంజనుని బండి చట్రం మీద మొయ్యడానికి అటొకటి ఇటొకటి ఇనప చేతులు కావాలి. కొలతల బొమ్మ గియ్యడం ఎవరికీ రాదు. ఆవిడ మందపాటి గోధుమరంగు కాగితం తెచ్చి గేర్‌బాక్సు మూతికి అదిమి, నూనె బొటనవేలితో ప్రతి బెజ్జం మీదా నొక్కింది. కాగితం మీద బెజ్జాలన్నీ నల్లగా పడ్డాయి. అలాగే ఇనప చేతులకీ కాగితం నమూనాలు కోసింది. ఎక్కడ మడవాలో సుద్దతో గీసింది. "ఇలా వంచు" అని కాగితాన్నే వంచి చూపించింది. "ఇన్నేళ్ళూ నేనే పిచ్చివాణ్ణి, టేపు పట్టుకుని చచ్చాను" అన్నాడు వాడు, అలాగే ఇనుము కోసి వంచుతూ.

శుక్రవారం తనిఖీ. బుధవారం పొద్దున్నే చైన్ పుల్లీకి ఇంజనుని వేలాడదీశారు. నేను రెండు రోజులు సెలవు పెట్టాను. గొలుసు ఒక్కో లంకె టకటకమంటూ దిగుతోంది. ఆవిడ ఒక పక్క, వాడు ఒక పక్క, మధ్యలో నేను "ఎడమకి, ఇంకా ఎడమకి" అని అరుస్తున్నాను. ఎవరూ నన్ను అడగలేదు. ఇంజను చట్రంలోకి దిగింది, ఇనప చేతుల మీద హుందాగా కూర్చుంది. చేతులకీ ఇంజనుకీ మధ్య బోల్టులు వేళ్ళతోనే తిరిగిపోయాయి. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుని నవ్వాం.

అప్పుడు వాడు టార్చి తీసుకుని బండి కిందికి దూరాడు. టార్చి వెలుగు ఒకే చోట ఆగింది.

"అక్కా, ఇంజను గేర్‌బాక్సుని తాకలేదు."

వంగి చూశాం. రెంటికీ మధ్య సందు. నా వేలు దూరింది. అంతా సరిపోయి అక్కడొక్కటే ఖాళీ. ఇంజను మొత్తం అంత మేర ముందుకి కూర్చుంది.

"నువ్వే తప్పు కోశావు" అంది ఆవిడ.

"నేనా? నీ కాగితం ఎంతుందో ఇనుము అంతే కోశాను. వెంట్రుకంత తేడా లేదు. కావాలంటే పెట్టి చూసుకో."

కాగితం పెట్టి చూశారు. వెంట్రుకంత తేడా లేదు. మళ్ళీ కోద్దామంటే అంత మందం రేకు దొరకాలి. రెండు రోజులే ఉంది. ఆవిడ బల్ల మీద కూలబడింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నేను చూసింది తక్కువ. "జిప్పులే కుట్టుకుంటాలెండి" అంది. వద్దనుకున్న బండి కోసం నేనే మళ్ళీ వంగి ఆ సందులో వేలు పెట్టి చూశాను.

ఏం చెయ్యాలో తోచక ఇనప చేతి కాగితం నమూనాని తీసి చూశాను. ఏళ్ళ తరబడి నా బీరువా అరల్లో వేలాడిన అంచులు నాకు తెలుసు. ఈ కాగితంలో కూడా అంచుకి లోపలగా, చుట్టూరా, సన్నటి సుద్ద గీత ఉంది. గీతకీ అంచుకీ మధ్య నా వేలు పెట్టాను. సరిగ్గా పట్టింది.

"ఇదిగో, ఈ గీత ఏమిటి?"

ఆవిడ చూసింది. చెవి మీద సుద్దని తడుముకుంది. మొహం ఎర్రబడింది.

"కుట్టుకి వదిలాను" అంది, చిన్నగా.

బావమరిది నోరు వెళ్ళబెట్టాడు. "ఇనుముకి కుట్టేమిటే అక్కా?"

"చెయ్యి దానంతటదే వదిలిందిరా."

వాడు పగలబడి నవ్వాడు. ఆవిడ స్పానరు విసిరింది, తగల్లేదు. అంతలోనే వాడు నవ్వు ఆపి తల గోక్కున్నాడు. ఇనప చెయ్యి వెనక అంచు చట్రంలోని అడ్డ కమ్మీకి ఆనుకుని కూర్చుంటుంది. ఆ అంచున ఎక్కువున్న అర అంగుళమే ఇంజనుని ముందుకి తోసింది. కొత్త రేకు అక్కర్లేదు. గీత వెంబడి కోసేస్తే చాలు.

"తక్కువైతే చచ్చేవాళ్ళం. ఎక్కువైంది కాబట్టి బతికాం" అన్నాడు.

"నాన్న చెప్పలేదూ" అంది ఆవిడ, ఇదంతా తను కావాలనే చేసినట్టు.

గ్రైండరు నిప్పురవ్వలు చిమ్మింది. మళ్ళీ గొలుసు, మళ్ళీ "ఎడమకి". ఈసారి ఇంజను వెనక్కి జరిగి గేర్‌బాక్సుని టక్కున కరుచుకుంది. గురువారం మధ్యాహ్నానికి నీళ్ళ గొట్టాలూ తీగలూ కలిపారు. గోడ మీద తొంభై జేబులూ ఖాళీ. ఆవిడ తాళం తిప్పింది. దగ్గింది. ఇంకోసారి దగ్గింది. మూడోసారి నల్లటి పొగ కక్కి, షెడ్డు రేకులు అదిరేలా అందుకుంది. నేను గంతేశాను. నా వయసు యాభై ఆరు.

శుక్రవారం తనిఖీ ఆఫీసు. ఇన్‌స్పెక్టరు బక్కగా, కళ్ళజోడు పెట్టుకుని, పుట్టి నవ్వెరగనట్టున్నాడు. లైట్లు చూశాడు, బ్రేకులు చూశాడు. కొత్త ఇంజనుని రెండుసార్లు వంగి చూశాడు. చివరగా ఏటవాలు దిమ్మ వైపు చెయ్యి చూపించాడు. సగం ఎక్కి ఆగాలి, మళ్ళీ అక్కడి నుంచి కదలాలి.

"వెనక్కి అంగుళం జారినా కాగితాలు రద్దు. పక్క సీటులో మనిషి ఉండాలి" అన్నాడు.

బావమరిది కోసం చూశాను. చూడలేనని ఎప్పుడో గేటు బయటికి వెళ్ళిపోయాడు. ఎక్కి కూర్చున్నాను. గున్న సగం ఎక్కి ఆగింది. ఇన్‌స్పెక్టరు వెనక టైరు దగ్గర పెట్టడానికి ఏదైనా ఉందేమోనని జేబులు తడుముకున్నాడు. ఆవిడ చెవి మీద సుద్ద తీసి ఇచ్చింది. ఆయన దాన్ని టైరుకి అంగుళం దూరంలో నిలబెట్టాడు.

ఆవిడ తల బయట పెట్టి చూసింది. "అర అంగుళం చాలండి, దగ్గరికి జరపండి" అంది.

"నీకేమైనా మతి పోయిందా?" అన్నాను.

"మీరు కళ్ళు మూసుకోండి."

మూసుకోలేదు. మొదటిసారి తెరిచి ఉంచాను. ఆవిడ ఎడమకాలు క్లచ్చి మీద నెమ్మదిగా లేచింది, ఇంజను గొంతు మారింది, చేతి బ్రేకు వదిలింది. గున్న ముందుకే, గట్టిగా ముందుకే, నన్ను సీటుకి అదిమి దిమ్మ పైకెక్కింది. వెనక్కి తిరిగి చూశాను. సుద్ద నిలబడే ఉంది.

ఇన్‌స్పెక్టరు దాన్ని తెచ్చి చేతికిచ్చి, కాగితం మీద పెన్ను ఆనించి, "ఇంజను మార్చింది ఎవరు? వృత్తి?" అన్నాడు.

"నేనే. టైలరు" అంది ఆవిడ.

ఆయన తలెత్తి టాపు వైపు, ఇంజను వైపు చూసి, అదే రాశాడు.

గేటు దగ్గర బావమరిది రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆవిడ హారను కొట్టి వాణ్ణి దాటేసింది. ఎడమకి తిరిగితే ఇల్లు. కుడికి తిప్పింది. వెనక ఏదో గడగడలాడితే తిరిగి చూశాను. టార్పాలిన్ కింద కుట్టుమిషను, తాళ్ళతో గట్టిగా కట్టి ఉంది. పొద్దున బయలుదేరక ముందే ఎక్కించేసింది.

"క్వారీలో గుడారం చిరిగి నెలైంది. వాన వచ్చేలా ఉంది" అంది.

"నేను సగం రోజే సెలవు పెట్టాను."

"మరి దిగుతారా?"

బండి ఆపలేదు, ఊరికే అడిగింది. దారి అప్పుడే రాళ్ళలోకి ఎక్కుతోంది. దిగనన్నాను.